పూత తీరాక చేసే సేవ

ఐరిస్ పూల కాలం చాలా చిన్నది. కింది రేకుల మీద మెత్తని నూగు ఉండే బియర్డెడ్ ఐరిస్‌లో ఒక్కో పువ్వు నిలిచేది రెండు మూడు రోజులు. ఒకే కాడ మీద మొగ్గలు ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుంటాయి కాబట్టి మడి మొత్తం కళకళలాడేది మహా అయితే మూడు వారాలు. ఆ తర్వాత ఏడాది పొడుగునా కనిపించేవి పొడుగాటి బిరుసైన ఆకులే. అయినా ఈ మొక్కను బాగా ఎరిగినవాళ్ల దృష్టిలో దానికి చేయవలసిన పని పూత అయిపోయాకే మొదలవుతుంది. కోయడం, కోయకుండా ఆగడం, తవ్వడం, విడదీయడం, మళ్లీ నాటడం, అన్నీ చూడటానికి పువ్వు లేని కాలంలో చేసేవే. ఈ చిన్న తోటపని ఒక పెద్ద ప్రశ్నకు దారి తీస్తుంది. ఫలం చేతికి అందేశాక, తర్వాతి ఫలం కనుచూపు మేరలో లేనప్పుడు చేసే సేవ ఏ కోవలోకి వస్తుంది? రాబోయే ఏటి పువ్వుల కోసం చేసే కామ్యకర్మా అది? లేక భగవద్గీత చెప్పిన కర్మఫలత్యాగానికి చెందిన పనా? ఫలత్యాగం గురించి మన ఇళ్లలో, ప్రవచనాల్లో వినని వాళ్లు లేరు. విన్నవాళ్లలో చాలామంది దాన్ని ఒకేలా అర్థం చేసుకుంటారు: ఫలితం ఏమైతే నాకేం అనుకుని పని చేసుకుపోవాలని. ఆ అర్థం తప్పని నా అభిప్రాయం. ఫలాన్ని త్యజించినవాడికి ఫలం గురించి మిగతావాళ్లకంటే ఎక్కువ పట్టింపు ఉంటుందని, అతను వదులుకునేది ఆ ఫలం మీద తన హక్కును మాత్రమేనని, పూత తీరిన ఐరిస్‌కు చేసే సేవను దగ్గరగా చూస్తే ఇది తేటపడుతుందని ఇక్కడ వాదించదలిచాను.

ముందు ఆ పని ఏమిటో తెలియాలి. ఐరిస్‌లలో సుమారు 250 నుంచి 300 జాతులున్నాయి, అన్నిటికీ ఒకే సేవ సరిపోదు. బియర్డెడ్ ఐరిస్ పసుపు లాగా నేలలో అడ్డంగా సాగే దుంప మీద బతుకుతుంది. చలి దేశాల్లో మే, జూన్ నెలల్లో పువ్వులు వాడగానే తోటమాలి వాటిని తుంచేస్తాడు. కాడ మీద చివరి మొగ్గ కూడా అయిపోయాక ఆ కాడను దుంపకు దగ్గరగా కోసేస్తాడు. కోయకపోతే కాయ కట్టి, మొక్క బలం గింజల వైపు మళ్లుతుంది. తడిసిన పూలు కుళ్లి తెగుళ్లకు చోటిస్తాయి. ఆకుల జోలికి మాత్రం పోడు. ఎండిన ఆకు, మచ్చలు పడిన ఆకు తీసేయవచ్చు. పచ్చగా ఉన్నంతకాలం ప్రతి ఆకూ ఎండను ఆహారంగా మార్చి దుంపలో దాస్తూనే ఉంటుంది, వచ్చే ఏటి పువ్వుకు ఆధారం ఆ నిల్వే. నీళ్లు ఎక్కువైతే దుంప కుళ్లుతుంది. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా, మెత్తగా పెరిగి కుళ్లుకు సులభంగా లొంగుతుంది. కాబట్టి ఇక్కడ సేవలో పెద్ద భాగం చేతిని అదుపులో పెట్టుకోవడమే. మూడు నాలుగేళ్లకొకసారి, పూత అయిన 6 నుంచి 8 వారాలకు, గుబురును తవ్వి దుంపలు విడదీయాలి. పచ్చి ఆకులను జానెడు ఎత్తుకు కత్తిరించేది అప్పుడే, ఎందుకంటే వేళ్లు తెగిన మొక్క అంత ఆకును పోషించలేదు. నాటేటప్పుడు దుంప వీపు ఎండకు కనబడేలా పైపైన పెడతారు. లోతుగా పాతితే పూయడం మానేస్తుంది. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఐరిస్‌ను తొలిచే పురుగు తల్లి శరత్కాలంలో పాత ఆకుల మీద గుడ్లు పెడుతుంది. అందుకని చలి ముదిరే వేళ ఎండిన ఆకులన్నీ ఏరి పారేయాలి. ఆపైన శీతకాలం రావాలి, చలి తగలకపోతే ఈ రకాల్లో చాలావాటికి మొగ్గ రాదు. మన మైదానాల్లో వీటి మడులు అరుదుగా కనిపించడానికి అదొక ముఖ్య కారణం. జపాన్‌లో తేమ నేలల్లో పెంచే హనాషోబుకు వేరే పద్ధతి, గడ్డ నుంచి మొలిచే డచ్ ఐరిస్‌కు వేరే పద్ధతి. వాటి వివరాలు ఇక్కడ అక్కర్లేదు.

ఈ పనులన్నిటి వెనక ఒక వాస్తవం ఉంది, నా వాదానికి ఆయువుపట్టు అదే. దుంపలో ఏ కొస నుంచి పువ్వుకాడ లేచిందో ఆ కొస మళ్లీ ఎన్నడూ పూయదు. కాడ లేవడంతో ఆ కొస ఎదుగుదల ముగుస్తుంది. దాని పక్కల నుంచి పిల్ల దుంపలు పుడతాయి, ఇక ముందు పూసేవి అవే. డచ్ ఐరిస్‌లో ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. పూసిన గడ్డ ఆ ఏటితోనే హరించుకుపోయి, దాని స్థానంలో కొత్త గడ్డ తయారవుతుంది. అంటే మే నెలలో ఏ పువ్వును చూసి మురిసిపోయామో, దాన్ని ఇచ్చిన భాగం జూన్ నుంచి మనకు ఇవ్వగలిగింది ఏమీ లేదు. దానిలో మిగిలిన నిల్వ, వాడిపోయేదాకా దాని ఆకులు చేసే పని, అంతా పిల్లలకే చేరుతుంది. తోటమాలి సేవ చేసేది ఇవ్వడం ముగిసినదానికి, ఇంకా ఏమీ ఇవ్వనిదానికి. ఆ పిల్లలైనా పూసి తీరతాయన్న భరోసా లేదు. దుంపకుళ్లు ఉంది, పురుగు ఉంది, మొగ్గ పట్టాక కురిసే మంచు ఉంది.

మొదటి ఆక్షేపణ ఇక్కడే లేస్తుంది, అది బలమైనదే. పూసిన దుంప పూయకపోతేనేం, దాని పిల్లలు పూస్తాయి కదా? తోటమాలి చూసేది మడిని, విడివిడి దుంపలను కాదు. ఈ ఏడు పడిన శ్రమ వచ్చే ఏటి పువ్వుకు పెట్టుబడి. ఇందులో త్యాగం ఏముంది? వేదవిధుల అర్థాన్ని విచారించే మీమాంసా దర్శనంలో ఏడో శతాబ్దపు పండితుడు కుమారిల భట్టు ఇలాగే అడిగి ఉండేవాడు. ప్రయోజనం లేని పనికి ఎవరూ పూనుకోరన్నది ఆయన పక్షం. సంధ్యావందనం లాంటి నిత్యకర్మలకు కూడా పాపక్షయమో, చేయనందువల్ల కలిగే దోషం (ప్రత్యవాయం) తగలకుండా ఉండటమో ప్రయోజనంగా ఆ పక్షం చూపిస్తుంది. మీమాంసలోనే ప్రభాకరుడి అనుయాయుల పక్షం దీనికి ఎదురు నిలిచింది. చేయమన్న విధే పనికి చాలినంత ప్రేరణ, ఫలాన్ని చూపించి ఒప్పించవలసిన అవసరం విధికి లేదని వాళ్లన్నారు. ఐరిస్ మడి దగ్గర ఈ రెండు పక్షాలూ చెరి సగమే నిలుస్తాయని నాకనిపిస్తుంది. విధి ఒక్కటే చాలనుకుంటే, దుంప ఎంత లోతున ఉండాలో, కాడ ఎప్పుడు కోయాలో, ఆకు ఎందుకు ఉంచాలో తోటమాలికి ఎక్కడి నుంచి తెలుస్తుంది? ఆ కొలతలన్నీ పువ్వును దృష్టిలో పెట్టుకుంటేనే అర్థవంతమవుతాయి. ఫలం గురించి ఆలోచించనివాడు ఈ పనిని పాడుచేస్తాడు. ఆ మేరకు కుమారిలుడి మాట నెగ్గుతుంది.

అయితే ఫలం పనికి గురిగా ఉండటం ఒకటి, చేసినవాడికి జీతంగా ఉండటం మరొకటి. కుమారిలుడి పక్షం ఈ రెంటినీ కలిపేస్తుంది. వీటిని విడదీసి చూపించే పరీక్ష ఒకటుంది: ఫలం రానప్పుడు పని ఏమవుతుంది? పెట్టుబడి పెట్టినవాడు నష్టం వస్తే వెనక్కి తగ్గుతాడు, తగ్గడమే తెలివైన పని కూడా. ఐరిస్ ఒక ఏడు పూయలేదంటే చేయవలసిన పని పెరుగుతుంది. తవ్వి చూడాలి, కుళ్లిన మేరకు కోసి ఎండలో ఆరబెట్టాలి, గుబురు కిక్కిరిసి ఉంటే విడదీయాలి, నీడ పడుతుంటే చోటు మార్చాలి. పువ్వు ఇచ్చిన మడికంటే ఇవ్వని మడికి సేవ ఎక్కువ కావాలి. నష్టం పూడ్చుకోవడానికి ఇంకాస్త డబ్బు దించే వ్యాపారులూ ఉంటారు కదా అనవచ్చు. ఉంటారు, కానీ వాళ్లకొక హద్దు ఉంటుంది. కొత్త సరుకు కొనడం చౌక అనిపించిన చోట పాతదాన్ని వదిలేస్తారు. ఐరిస్ దుంపలు అంగట్లో దొరుకుతూనే ఉన్నాయి. అయినా పూయని మడి ముందు మోకాళ్ల మీద కూర్చుని దుంపలను ఒక్కొక్కటిగా తడిమి చూసేవాళ్లు ఐరిస్ పెంచే చోట్ల ఉన్నారు. వాళ్ల పని వచ్చే ఏటి లాభం లెక్కకు అందదు. వాళ్లకు పువ్వు కావాలి, తప్పకుండా కావాలి. పువ్వు రాకపోవడం మాత్రం ఆ పనిని ఆపడానికి వాళ్లకు కారణం కాదు.

మీమాంసకులే ఇచ్చిన మరో భావన ఇక్కడ పనికొస్తుంది. యాగం ఒక పూటలోనో కొన్ని రోజుల్లోనో ముగిసిపోతుంది, స్వర్గం ఎప్పుడో మరణం తర్వాత. ముగిసిపోయిన క్రియ ఇంకా పుట్టని ఫలాన్ని ఎలా ఇస్తుంది? మధ్యలో ఏదో ఒకటి నిలిచి ఉండాలి కాబట్టి వాళ్లు అపూర్వం అనే కంటికి కనపడని శక్తిని ఒప్పుకున్నారు. కుమారిలుడి పక్షంలో ఆ శక్తికి ఆశ్రయం యాగం చేసినవాడి ఆత్మ. అందుకే ఫలం తిరిగి అతనికే చేరుతుంది. ఐరిస్ పెంపకంలోనూ సేవకూ పువ్వుకూ మధ్య పది పదకొండు నెలల ఖాళీ ఉంది, ఆ ఖాళీలో నిలిచే శక్తీ ఉంది. తేడా ఏమిటంటే అది దాగి ఉన్నది దుంపలో, పిండిపదార్థంగా, తోటమాలిలో కాదు. చేసిన పని ఎవరికి చేశామో వాళ్లలోనే నిల్వ అవుతుంది. చేసినవాడు ఊరు మారిపోవచ్చు, ఇల్లు అమ్ముకోవచ్చు, చనిపోవచ్చు. దుంప అక్కడే ఉండి, వేళ వచ్చినప్పుడు ఎదుట ఎవరుంటే వాళ్ల ముందు పూస్తుంది. కర్మఫలత్యాగాన్ని ఒక మానసిక సాధనగా, మనసును బలవంతంగా కోరికల నుంచి వెనక్కి లాగడంగా చెప్పేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. చాలా పనుల్లో ఫలం మొదటి నుంచీ మన చేతిలో లేదు, మరొకరిలో పెరుగుతోంది. త్యాగం అంటే ఉన్న స్థితిని ఒప్పుకోవడమే. బిడ్డకు చదువు చెప్పే ఉపాధ్యాయురాలి పనీ, రోగి పక్కన రాత్రంతా కూర్చునే నర్సు పనీ ఈ స్వభావం ఉన్నవే.

ఐరిస్ చరిత్రలోనే దీనికి సాక్ష్యం దొరుకుతుంది. కేంబ్రిడ్జ్‌లో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసిన మైకేల్ ఫోస్టర్ (1836–1907) పశ్చిమాసియా, హిమాలయ ప్రాంతాల నుంచి ఐరిస్ దుంపలు తెప్పించి పెంచాడు, వాటిని ఒకదానితో ఒకటి కలిపి కొత్త రకాలు పుట్టించాడు. గింజ నుంచి మొలిచిన ఐరిస్ మొదటిసారి పూయడానికి రెండు మూడేళ్లు పడుతుంది, ఆ రకం నిలకడైనదో కాదో తేలడానికి ఇంకా ఎక్కువ. కాశ్మీర జాతి నుంచి ఆయన సాధించిన ‘కాశ్మీర్ వైట్’ అనే తెల్లని రకం లోకానికి అందింది ఆయన పోయాకే. ఆయన రాసిపెట్టుకున్న పరిశీలనలను ఆధారం చేసుకుని విలియం రికాట్‌సన్ డైక్స్ 1913లో ఐరిస్ జాతుల మీద బృహద్గ్రంథం తెచ్చాడు. డైక్స్ 1925లో ప్రమాదంలో మరణించాడు. ఆయన పెంచిన ఒక పసుపు పచ్చని ఐరిస్ ఆ తర్వాతి ఏడు ఆయన పేరుతోనే బయటికి వచ్చింది. ఐరిస్ పెంపకందారులు ఇప్పటికీ అత్యున్నతంగా భావించే పతకం ఆయన పేరు మీదే ఉంది. వీళ్లు నిష్కాములు కారు కదా, తాము కన్న పువ్వు పదిమందీ చూడాలని వాళ్లకు ఉండదా అని అడగవచ్చు. ఉండే ఉంటుంది. నేను చూపించదలిచింది వాళ్ల మనసు ఎంత శుద్ధమన్నది కాదు. ఆ కోరిక తీరకపోవడం వల్ల వాళ్లు చేసిన పనిలో తరుగు ఏమీ పడలేదు. చూడాలన్న కోరికా, చూసే హక్కు తనకుందన్న పట్టూ రెండూ ఒకటే అయితే అది సాధ్యపడేది కాదు.

హక్కు మాట పూర్తిగా లేని చోటు ఒకటుంది, అది సమాధి. శ్రీనగర్ పరిసరాల్లోని ఖబరస్తాన్‌లలో వసంతం రాగానే తెల్లని, ఊదా రంగు ఐరిస్‌లు సమాధుల మీద పూస్తాయి. కశ్మీరీలు ఆ మొక్కను మజార్‌మోండ్ అంటారు. తెల్ల జాతికి ఐరిస్ కాశ్మీరియానా అని వృక్షశాస్త్రజ్ఞుడు బేకర్ 1877లో పేరు పెట్టాడు. సమాధుల మీద ఐరిస్ నాటే ఆచారం కశ్మీర్‌తో ఆగలేదు. అరేబియా ద్వీపకల్పపు నైరుతి మూలకు చెందిన ఐరిస్ అల్బికాన్స్ కథ ఇంకా ఆశ్చర్యకరం. ఆ తెల్ల ఐరిస్ వంధ్య జాతి, గింజ కట్టదు. గాలికీ పక్షికీ దాన్ని మోసుకుపోయే వీలు లేదు. అయినా ముస్లిం సమాధుల వెంట అది మధ్యధరా తీరాలన్నీ దాటి స్పెయిన్ దాకా చేరింది. ఆ దారిలో ప్రతి మజిలీలోనూ ఎవరో ఒకరు పూత తీరిన దుంపను విరిచి, మట్టిలో పెట్టి ఉండాలి. ఎవరి కోసం? కింద పడుకున్నవాళ్లు ఆ పువ్వును చూడరు. నాటినవాళ్లు మళ్లీ ఆ దారిన వస్తారో రారో తెలియదు. ఇస్లాం సంప్రదాయంలో దీనికి ఒక ఆధారం చెబుతారు. ప్రవక్త పచ్చి ఖర్జూర మట్టను రెండుగా చీల్చి రెండు సమాధుల మీద గుచ్చారని, అవి ఎండిపోనంతకాలం లోపలివారి బాధ తేలిక పడవచ్చని చెప్పారని బుఖారీ సంకలనంలో ఒక హదీసు ఉంది. అది ప్రవక్తకు మాత్రమే ప్రత్యేకమైన చర్య అన్న పండితులున్నారు, దాన్ని అనుసరించి సమాధి మీద పచ్చని మొక్క పెట్టవచ్చన్నవాళ్లూ ఉన్నారు. నన్ను ఆ కథలో ఆపే అంశం వేరు. అక్కడ విలువ పచ్చదనానికి ఉంది, పువ్వు ప్రసక్తే లేదు. ఆ కొలతతో చూస్తే సమాధి మీది ఐరిస్‌కు పూసే మూడు వారాలు ముఖ్యం కావు. ఎవరూ చూడని ఆకుల నెలలే ముఖ్యం. మనం ఫలం లేని కాలం అనుకున్నదే ఆ ఆచారంలో ఫలమున్న కాలం.

దీనికి సమాధానంగా, ఇవన్నీ మరణం చుట్టూ అల్లుకున్న భావాలు, మామూలు తోటకు వర్తించవు అనేవారుంటారు. వాళ్లకు ఫ్లోరెన్స్ నగరంలోని ఐరిస్ తోటను చూపిస్తాను. మికెలాంజెలో చౌరస్తా పక్కన 1954లో నెలకొల్పిన ఆ తోట తలుపులు సందర్శకులకు తెరిచేది ఏప్రిల్ చివర మొదలై మే మూడో వారం దాకానే. మిగతా ఏడాదంతా దాదాపు మూసే ఉంటుంది. వందల రకాల దుంపలను విడదీసేది, నాటేది, కలుపు తీసేది మూసిన ఆ తలుపుల వెనకే. వచ్చినవాళ్లు మెచ్చుకునేది మూడు నాలుగు వారాల తోటను, ఉన్నది పన్నెండు నెలల తోట. అక్కడ పనిచేసేవాళ్లు మెప్పు కోసం చేస్తారా అన్నది వాళ్ల అంతరంగ విషయం, దాని గురించి చెప్పే అర్హత నాకు లేదు. జులై ఎండలో వాళ్లు చేసే పని మంచిదో చెడ్డదో నిర్ణయించేది మాత్రం మెప్పు కాదని చెప్పవచ్చు. దుంప నేలలో ఎలా కూర్చుందన్న దాని మీదే అది ఆధారపడి ఉంది, దాన్ని చూడటానికి ఆ రోజు సందర్శకులెవరూ ఉండరు.

గీత పద్దెనిమిదో అధ్యాయం త్యాగాన్ని మూడు రకాలుగా విడదీస్తుంది. చేయవలసిన పనిని మోహంతో వదిలేస్తే తామసం, కష్టమని, ఒంటికి శ్రమ అని వదిలేస్తే రాజసం, చేయవలసినదే కాబట్టి చేస్తూ సంగాన్నీ ఫలాన్నీ వదిలితే సాత్త్వికం. ఫలం మీద ఆశ లేదంటూ పనిని నీరసంగా చేసేవాళ్లు తమను మూడో రకంలో వేసుకుంటారు. గీత ఆ వీలు ఇవ్వదు, ఎందుకంటే అదే అధ్యాయం సాత్త్విక కర్తను వర్ణిస్తూ అతనికి ధృతితో పాటు ఉత్సాహం ఉంటుందంటుంది. సిద్ధించినా సిద్ధించకపోయినా చలించడు, కానీ ఉత్సాహి. ఈ రెండు లక్షణాలు ఒకే మనిషిలో ఎలా పొసగుతాయని తత్త్వం చదివేవాళ్లు తరచు తికమక పడతారు. పూత తీరిన ఐరిస్ దగ్గర ఇవి సులభంగానే పొసగుతాయి. ఇక దీనిలో ఏముందిలే అని మడిని మరిచిపోయేవాడిది మోహం. వాలిపోయిన ఆకులు కంటికి బాగా లేవని పచ్చి ఆకులను నేలమట్టంగా కోసేసేవాడిది దానికంటే నష్టకరమైన పొరపాటు. అతనికి చురుకు ఉంది, శ్రమకు వెరపు లేదు, కానీ మొక్క అవసరం కంటే తన కంటి ఇబ్బంది పెద్దదైంది. చేత కత్తెర ఉండి, కోయాలనిపించి, ఆకు పండేదాకా ఆగినవాడిలో ఉత్సాహమూ ఉంది, దాన్ని తన ఇష్టం నుంచి మొక్క అవసరం వైపు తిప్పిన నిగ్రహమూ ఉంది. ఫలత్యాగానికి నేనివ్వగల వివరణ ఇంతే. పనికి కొలతలు ఎవరి నుంచి తీసుకుంటున్నామన్నదే అసలు విషయం, మనసులో కోరిక ఎంత ఉందన్నది ఆ తర్వాతి మాట.

ఇప్పుడు ఆ కొలత మీదే ఆక్షేపణ. మొక్క అవసరం అంటున్నారే, కాయలు కట్టి గింజలు రాల్చడం మొక్క అవసరం కాదా? కాడ కోసేసి దాన్ని అడ్డుకునేది ఎవరి సుఖం కోసం? ఈ ప్రశ్నను తోసిపుచ్చడం కుదరదు. తోటల్లో పెరిగే బియర్డెడ్ ఐరిస్‌లు మనుషులు సంకరం చేసి పుట్టించినవి. వాటి గింజ నుంచి వచ్చే మొక్క తల్లిని పోలదు, ఆ రకం ఆ రకంగా బతికేది దుంప విడదీసి నాటే చేతుల వల్లే. కాబట్టి కాయ కోయడం ఆ రకాన్ని కాపాడే పని కూడా. అడవి జాతుల విషయంలో సంగతి వేరు, కాయలను వదిలేయడమే మేలు. ఐరిస్ ఫెటిడిస్సిమా అనే ఐరోపా జాతి పువ్వు చిన్నది, వెలిసిన రంగుది. దాన్ని పెంచేదే పగిలిన కాయల్లో చలికాలమంతా మెరిసే నారింజ ఎరుపు గింజల కోసం. దాని కాడ కోసేవాడికి ఆ మొక్క ఏమిటో తెలియదన్నమాట. ఇంత చెప్పినా ఆక్షేపణలో కొంత మిగులుతుందని ఒప్పుకుంటాను. సంకర ఐరిస్‌ను పుట్టించిందే మన పువ్వు మోజు, దాని అవసరాలను అలా మలిచిందీ మనమే. తోటపనిలో స్వార్థం తాకని మూల లేదు. ప్రతి పనినీ ఏదో ఒక దోషం ఆవరించే ఉంటుందని, అంతమాత్రాన తనకు సహజంగా వచ్చిన పనిని విడిచిపెట్టకూడదని గీత కూడా ఒప్పుకుంది. మన కోరిక వల్ల పుట్టి, మన చేయి లేకుండా నిలవలేనిదాని పట్ల బాధ్యత ఇంకా పెరుగుతుందే గాని తగ్గదు.

అన్నిటికంటే ఇబ్బందికరమైన ఆక్షేపణను చివరికి ఉంచాను. గుబురును విడదీసినప్పుడు తోటమాలి పిల్ల దుంపలను నాటుకుని, పూసి డొల్లబడిన తల్లి దుంపను పారేస్తాడు. తోటపని పుస్తకాలన్నీ చెప్పేది అదే. పూత తీరినదానికి చేసే సేవను ఇంతసేపు మెచ్చుకున్న వాదం ఇక్కడ బోర్లా పడదా? ఈ దృష్టాంతాన్ని మనుషుల దగ్గరికి తెస్తే, పని అయిపోయిన ముసలివాళ్లను పక్కకు తోసేయమని ఇదే మొక్క చెప్పదా? చెప్పదు. మొక్క ధర్మాన్ని చెప్పనే చెప్పదు. మీమాంసా సూత్రాలు రాసిన జైమిని వాటి మొదట్లోనే ప్రత్యక్షం ధర్మానికి ప్రమాణం కాదని తేల్చాడు. ఇంద్రియాలకు అందేది ప్రస్తుతం ఉన్నది, ధర్మం చేయవలసినదానికి సంబంధించినది. ప్రకృతిలో ఇలా జరుగుతోంది కాబట్టి మనమూ ఇలా చేయాలనే వాదాలు ఆ ఒక్క మాటతో కూలిపోతాయి. ఐరిస్ నుంచి నేను విధిని తీసుకోలేదు. ఫలాన్ని గురిగా పెట్టుకుంటూనే దాని మీద హక్కు వదులుకోవడం సాధ్యమా అన్న సందేహానికి, సాధ్యమేనని చూపించే ఉదాహరణగా మాత్రమే దాన్ని తెచ్చాను. తల్లిదండ్రులకు మనం ఏం చేయాలన్నది వాళ్లు మనుషులైనందువల్ల, మనవాళ్లైనందువల్ల తేలే విషయం. దానికి దుంపల దగ్గరికి పోనక్కర్లేదు.

ఆ తల్లి దుంప సంగతి కూడా పుస్తకాల్లో రాసినంత ఖరాకండీగా ముగియదు. ముదిరిన దుంపల్లో నిద్రపోతున్న కన్నులు కొన్ని మిగిలి ఉండవచ్చు. అరుదైన రకాలు పెంచేవాళ్లు అలాంటివాటిని పారేయకుండా ఓ పక్కన నాటి ఉంచుతారు, కొన్నిటి నుంచి కొత్త పిలకలు వస్తాయి, కొన్నిటి నుంచి రావు. మెత్తబడి వాసన వేస్తున్న దుంపను మిగతావాటి క్షేమం కోసం తీసేయక తప్పదు. గట్టిగా ఉండి, పక్కన కన్ను మిగిలి ఉన్నదానికి మడి అంచున చోటివ్వవచ్చు. ఏది ఏదో దూరం నుంచి తెలియదు. మట్టి దులిపి, ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కి చూడాలి.